నైరుకు దీవికి బొమ్మ అందిన విధం

ఇలా దగ్గరికి జరగండి నాయనా, మీరూ రండి తల్లీ. ఆ కిటికీ పక్కన కూర్చుంటే సువా వాన హోరులో నా మాట సగం కొట్టుకుపోతుంది. చాపమీద చోటుంది, కాళ్ళు చాపుకోండి. టీ చల్లారితే మళ్ళీ కాచి ఇస్తాను.

సకల జనులకూ తెలియజేయడమేమనగా, మన సువా నగరంలోని దావుయి ప్రసార సంస్థ నాలుగు నెలలపాటు ఆవగింజంత పక్షపాతమైనా లేకుండా, పూర్తి శాస్త్రీయంగా పరిశీలన జరిపి, తన కెమెరా బొమ్మలను దీవులకు చేరవేసే బాధ్యతను సిడ్నీవారి రీఫ్‌లైన్ కంపెనీకి అప్పగించింది. ఆ సేవను నైరుకు దీవి ప్రజలు ఏకగ్రీవంగా మెచ్చుకున్నారు. మెచ్చుకోనివాడు ఒక్కడంటే ఒక్కడు లేడు. ఆ నాలుగు నెలలూ వాళ్ళ సమావేశాల గదిలో టీ పోసింది నేనే కనుక, ఆ మెచ్చుకోలు ఎంత శ్రమపడితే వచ్చిందో నాకు తెలుసు.

దావుయి వాళ్ళ పని మీకు తెలిసిందే. పెళ్ళి, చావు, రగ్బీ, చర్చి పాటల పోటీ, వీటిలో ఏది జరిగినా వాళ్ళ కెమెరా అక్కడ ఉంటుంది. దూరపు దీవుల్లో ఉన్నవాళ్ళు ఫోనులోనో, చర్చిలో కట్టిన తెరమీదో చూసుకుంటారు. చూసుకుంటారని సంస్థ నమ్మకం. నిజానికి వాళ్ళు ఎక్కువగా చూసేది, మధ్యలో గిరగిరా తిరిగే తెల్లటి చక్రాన్ని. ఆ మధ్య ఒక పెద్దాయన అంత్యక్రియల్లో పెట్టెను గోతిలోకి దించి, మట్టి కప్పి, అందరూ భోజనాలకు కూడా కూర్చున్నారు. దీవుల్లోని బంధువులకు మాత్రం పాస్టరుగారు ఇంకా మొదటి ప్రార్థనకు గొంతు సవరించుకుంటూనే ఉన్నారు. పోయినాయన దీవిలో మరో అరగంట ఎక్కువ బతికాడని ఆయన చెల్లెలు సంతోషించింది కూడా.

ఈ జబ్బుకు మందు కంటెంట్ డెలివరీ నెట్‌వర్క్ అని చెప్పింది కెలెరా. ఆ సంస్థలో యంత్రాల సంగతి తెలిసిన ఇంజనీరు ఆ పిల్లే. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. అంచేత నాకు అర్థమయ్యేలా ఇలా చెప్పింది:

"చూడు అమ్మమ్మా, గోధుమపిండి కోసం ఇంటికొకరు పడవెక్కి సువా దాకా రారు కదా? ఊళ్ళో కొట్టువాడు ఒక బస్తా దింపుకుంటాడు, అందరూ అక్కడే కొనుక్కుంటారు. బొమ్మా అంతే. ఇప్పుడు నైరుకులో వందమంది చూస్తుంటే వందమందీ సువా నుంచి లాక్కుంటున్నారు. దారి చూస్తే సన్నటిది. దీవిలో ఒక పెట్టె పెడితే అది ఒక్కసారి తెచ్చుకుంటుంది, అందరికీ నకళ్ళు పంచుతుంది. అట్లా పెట్టెలు పెట్టి పంచే కంపెనీని మనం ఎంచుకోవాలి."

"అయితే ఆ కంపెనీవాడి కొట్టు మన దీవిలో ఉందో లేదో చూస్తే సరిపోయె!" అన్నాను.

"అంతే అమ్మమ్మా. అదొక్కటే చూడాలి."

అంత చిన్న సంగతిని నాలుగు నెలలు సాగదీయడం మామూలు మనుషులవల్ల కాదు. అందుకు సంఘం వేశారు.

సంఘం గురించి చెప్పేముందు, ఈ వ్యవహారంలో నిజంగా గుండె దడదడలాడింది ఎవరికో చెప్పాలి. కెలెరాది నైరుకు దీవే. వాళ్ళ నాన్న ఇలైతియా అక్కడి చర్చి పాటల బృందానికి నలభై ఏళ్ళుగా నాయకుడు. ఇరవై ఆరేళ్ళ తర్వాత ఆ బృందానికి సువాలో జరిగే పెద్ద పోటీలో చోటు దొరికింది. ఆయనకు డెబ్బై నిండుతున్నాయి. డెబ్బై నిండితే చేతిలో బెత్తం ఇంకొకరికి ఇచ్చెయ్యాలని అక్కడి కట్టడి. అంటే ఆయన నిలబడి పాడించే ఆఖరి పాట ఇదే. వాళ్ళమ్మ ఉనైసీకి మోకాలు పోయింది, పడవ నిచ్చెన ఎక్కలేదు. కెలెరా తల్లికి మాట ఇచ్చింది: "నువ్వు కుర్చీలోంచి లేవక్కర్లేదమ్మా, నాన్న పాట మొదటినుంచి చివరిదాకా చూస్తావు." ఆ ఒక్క మాట గుర్తుంచుకోండి. తక్కినదంతా ఆఫీసు పని.

సంఘానికి అధ్యక్షులు రాతు పెనాయాగారు. రాతు అంటే వంశపెద్దల బిరుదు. గొప్ప వంశం, గొప్ప గొంతు, గొప్ప పొట్ట. ఆయన మాట్లాడితే గదిలో ఫ్యాను కూడా నెమ్మదిగా తిరిగేది. కార్యదర్శి జనరల్ మేనేజరు సెతారెకి. అతనికి ప్రతి విషయాన్నీ రంగురంగుల పట్టికగా మార్చే వరం ఉంది. తక్కిన ఐదుగురు సభ్యులూ తల ఊపడంలో పదేళ్ళకు తక్కువ కాని అనుభవం గలవారు.

మొదటి సమావేశంలో వంద మార్కుల పట్టిక తయారైంది. అతిథులు తెచ్చే వేరు పానీయం యంగోనాను సంప్రదాయబద్ధంగా సమర్పించే తీరుకు ముప్ఫై. ఆ యంగోనా చిక్కదనానికి పది. తెరమీద చూపే బొమ్మల అందానికి ఇరవై. మధ్యాహ్న భోజనానికి పదిహేను. కంపెనీ చొక్కాలూ టోపీలూ పంచితే పది. దస్త్రానికి వేసిన అట్ట దళసరికి పది. కెలెరా మొహం చూసి జాలిపడిన రాతుగారు, మిగిలిన ఐదూ "బొమ్మ చేరుట, తదితర అంశములు" అన్న పద్దు కింద వేయించారు. తదితర అంశములలో వాహనాలు నిలుపుకునే స్థలం కూడా ఉంది.

మూడు కంపెనీలు పోటీకి వచ్చాయి. ఆక్లాండ్ నుంచి వచ్చిన జవాబు ఒక్క కాగితమే: "సువా వరకు బాగా చేయగలం. చిన్న దీవుల్లో మాకు పెట్టెలు లేవు, ఇప్పట్లో పెట్టలేం." అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబిచ్చిన ఆ కంపెనీని ప్రతికూల ధోరణి కింద మొదటిరోజే తొలగించారు. అట్ట కూడా లేదు పాపం.

రెండోవాడు మన వైసాకే. రెండు గదుల దుకాణం, ఒక పాత వ్యాను. తెరమీద చూపడానికి అతని దగ్గర ఏమీ లేదు. తన పెట్టెనే తెచ్చి బల్లమీద పెట్టాడు. "ఇదేనండీ. నైరుకు బడిలో ఒకటి పెడతాను, చర్చి సోలారు పలకల నుంచి కరెంటు. తడిస్తే తుడుచుకుంటే చాలు" అన్నాడు. పెట్టె తీసేటప్పుడు బల్లమీద సన్నటి గీత పడింది. ఆ గీతకు ఎనిమిది మార్కులు కోసేశారు.

మూడోవాళ్ళు సిడ్నీ రీఫ్‌లైన్. వాళ్ళ తరఫున వచ్చిన పెద్దమనిషి పేరు గ్రాంట్ పెల్హామ్. దొర అయితే అయ్యాడు గానీ, చదువుకుని వచ్చాడు. మన పువ్వుల చొక్కా వేసుకుని, చెప్పులు బయట విడిచి, చాపమీద మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులా ఒక తంబువాను ముందుకు చాచాడు. పసుపు పచ్చగా నిగనిగలాడే తిమింగలం పన్ను, అల్లిన తాడుతో సహా. ఊళ్ళో తాకట్టు కొట్లో కొన్నాడని తర్వాత తెలిసింది. తంబువా చేత్తో పుచ్చుకున్నాక అడిగినదాన్ని కాదనకూడదన్నది మన తాతముత్తాతల నాటి కట్టుబాటు. పిల్లనడగడానికీ, తప్పు మన్నించమనడానికీ, యుద్ధంలో తోడు రమ్మనడానికీ పట్టుకెళ్ళే వస్తువది. దాన్ని చూడగానే రాతుగారి చెయ్యి తనంతట తాను లేచింది. ఆ చేతిలో పది తరాల అలవాటు ఉంది, మధ్యలో ఆయన ఆలోచన అడ్డురావడానికి వీల్లేకపోయింది. పుచ్చుకున్నారు. మేమంతా మూడుసార్లు చప్పట్లు కొట్టాం.

ఆ తర్వాత రాతుగారు అడిగారు: "ఇంతకీ నాయనా, దేనికోసం ఇది?"

"మీ కాంట్రాక్టు కోసమండీ" అన్నాడు గ్రాంట్ దొర.

ఎంపిక పూర్తయింది. పరిశీలన మొదలైంది.

కెలెరా లేచి, "మరి అయిపోయినట్టే కదండీ, పరిశీలన ఎందుకు?" అని అడిగేసింది. రాతుగారు నొచ్చుకున్నారు. నొచ్చుకుని ఉపన్యసించారు: "అమ్మాయీ! ఆలోచించకుండా నిర్ణయం తీసుకున్నారని రేపు ఏ పత్రికవాడైనా రాస్తే ఈ సంస్థ పరువేం గాను? నిర్ణయం ఎంత తొందరగా జరిగితే, పరిశీలన అంత నిదానంగా జరగాలి. నిర్ణయానికి తగిన పరిశీలన, పరిశీలనకు తగిన గాంభీర్యం, గాంభీర్యానికి తగిన ఫలహారం ఉండాలి. అమ్మమ్మగారూ, ఆ బాబకావులు ఇంకో పళ్ళెం పట్రండి!"

పట్టుకెళ్ళాను. వేడివేడి నూనె ఉండలు, అందరూ రెండేసి తిన్నారు. గాంభీర్యం సమకూరింది.

గ్రాంట్ దొర తెరమీద సముద్రపటం చూపించాడు. నల్లటి నీళ్ళమీద ఎన్ని దీపాలో! దీవి దీవికీ ఒక దీపం. నైరుకు మీదైతే దీవికంటే దీపమే పెద్దది. సభ్యులు నోళ్ళు వెళ్ళబెట్టారు. కెలెరా ఒక్కతే అడిగింది: "నైరుకు మీద దీపం ఉంది కదండీ, మీ పెట్టె ఎక్కడుంది?"

"సిడ్నీలో."

"మరి ఆ దీపం?"

"అది మా ఆకాంక్ష" అన్నాడు దొర, గుండెమీద చెయ్యి వేసుకుని. ఆకాంక్షకు సంఘంవారు అప్పటికప్పుడు నాలుగు మార్కులు సృష్టించి ఇచ్చారు. అలా మొత్తం నూటనాలుగు అయింది. దాని గురించి ఎవరూ తప్పుపట్టలేదు.

ఆ వారమే వేగ పరీక్ష. సువా ఆఫీసులో, కెమెరా యంత్రాల గదిని ఆనుకునే ఉన్న సమావేశాల గదిలో, పెద్ద తెరమీద బొమ్మ వేశారు. మీట నొక్కకముందే వచ్చినంత వేగంగా వచ్చింది. వైసాకే చేతులు కట్టుకుని, "అయ్యా, గోడ అవతల వండింది గోడ ఇవతల వడ్డిస్తే వేడిగానే ఉంటుంది. నైరుకు వెళ్ళి చూడండి" అన్నాడు. సంఘం దీన్ని న్యాయమైన సూచనగానే గుర్తించింది. అయితే రాతుగారికి పడవ పడదు, సెతారెకికి ఆ వారం వేరే పట్టిక ఉంది. కనుక సంఘం నైరుకు వెళ్ళే బదులు నైరుకునే సంఘం దగ్గరికి రప్పించాలని తీర్మానించారు. కుర్చీలు తీసేసి చాపలు పరిచారు. కిటికీలు తెరిచి, ఫ్యాను జోరు పెంచారు. రెండు కొబ్బరి బోండాలు, ఒక గంపెడు కర్రపెండలం తెప్పించారు. ఒక సభ్యుడు అలల చప్పుడు కోసం బకెట్లో నీళ్ళు అటూఇటూ ఊపాడు. ఆ నీళ్ళు తుడిచింది నేనే. అప్పుడు బొమ్మ వేస్తే, చాపమీదికి కూడా అంతే వేగంగా వచ్చింది. "దీవి పరిస్థితులలో పరీక్ష జయప్రదం" అని సెతారెకి ఆకుపచ్చ రంగులో రాసుకున్నాడు.

కెలెరా మాత్రం ఊరుకోలేదు. పోటీ ఇక ఆరు వారాలే ఉంది. "వెళ్ళకపోతే పోనీ, అక్కడివాళ్ళనే అడగండి" అంది. మంచిమాట. రీఫ్‌లైన్ వాళ్ళ దారిలో ఒక రగ్బీ ఆట నైరుకుకు పంపించి, మర్నాడు ఫోన్లు చేశారు. గదిలో అందరికీ వినపడేట్టు స్పీకరు పెట్టారు. సెతారెకి గొంతులో తేనె కలుపుకున్నాడు.

"నమస్కారమండీ చర్చి పెద్దగారూ, సువా నుంచి దావుయి సంస్థ. రాతు పెనాయాగారు కూడా వింటున్నారు."

"అయ్యో, రాతుగారే! వినాకా, వినాకా, ధన్యవాదాలండీ!" కుర్చీ జరిగిన చప్పుడు. పెద్దాయన లేచి నిలబడ్డట్టున్నాడు.

"మేం పంపిన బొమ్మ ఎలా ఉందండీ?"

"చాలా బాగుందండీ. వినాకా. మా చిన్న దీవిని గుర్తుపెట్టుకున్నారు, అదే పదివేలు."

"ఆట మొత్తం చూశారా?"

"చూశామండీ. చూడాల్సినంతా చూశాం."

"ఎవరు గెలిచారు?"

"మంచివాళ్ళే గెలిచారండీ."

ఇలా నలభైమందిని అడిగారు. నలభైమందీ చాలా బాగుందన్నారు. మన దీవుల సంగతి మీకు చెప్పాలా? ఎవరైనా ఒకటి తెచ్చిస్తే, అది పుచ్చిపోయిన చేమదుంపైనా సరే, ఇచ్చినవాడి మొహంమీద బాగాలేదని అనడం మనకు రాదు. ఒకావిడ ఆ రోజు దీవిలోనే లేదు, వేరే దీవికి చావు పలకరింపుకు వెళ్ళింది, ఆవిడకూ చాలా బాగుంది. ఒకాయనకు కంటిచూపు లేదు, ఆయనకు రంగులు ప్రత్యేకంగా నచ్చాయి. నూటికి నూరు. సిడ్నీలోగానీ లండన్‌లోగానీ ఇలాంటి ఫలితం ఏ కంపెనీకీ రాలేదని గ్రాంట్ దొర ప్రకటించాడు. ఆ ఒక్క విషయంలో అతను నిజమే చెప్పాడు.

కెలెరా ఈసారి మనుషులను నమ్ముకోలేదు. అరచేతిలో పట్టే యంత్రమొకటి పడవలో పంపి, వాళ్ళమ్మ ఇంట్లో పెట్టించింది. బొమ్మ ఎన్నిసార్లు ఆగిందో అది లెక్కపెడుతుంది. ఆ తర్వాత పంపిన ఇంకో రగ్బీ ఆటలో, గంటలో నలభై ఏడుసార్లు ఆగిందని తేల్చింది. ఆ కాగితం సంఘం ముందు పెట్టింది. రాతుగారు దాన్ని వేలితో దూరంగా నెట్టారు.

"విందుకు పిలిస్తే వచ్చి కూర్చుని, వడ్డించేవాడు ఎన్నిసార్లు చెయ్యి ఆపాడో లెక్కపెట్టే రకం యంత్రం ఇది. దీనికి పెద్దా చిన్నా తెలియదు. నలభైమంది పెద్దమనుషులు ఒకవైపు, మర్యాద తెలియని డబ్బా ఒకవైపు. మనం ఎవరి మాట వినాలి?"

ఐదు తలలు ఊగాయి. యంత్రాన్ని తీసెయ్యలేదు, అంత దుర్మార్గులు కారు. దానికి మర్యాద నేర్పారు. బొమ్మ ఆగినా ఆగకపోయినా ఆకుపచ్చ దీపమే వెలిగేట్టు, ఆ లెక్క కనపడే ఆఫీసు తెరను మార్చమని గ్రాంట్ దొర మనిషికి చెప్పారు. అతను ఒక్క పూటలో మార్చేశాడు. రీఫ్‌లైన్ వాళ్ళు ఆ నాలుగు నెలల్లో గడువుకు ముందే పూర్తిచేసిన పని అదొక్కటే.

అప్పుడు కెలెరాకు ఒక ఉపాయం తట్టింది. నా పక్కన టీ గిన్నె దగ్గర నిలబడి, "అమ్మమ్మా, మా దీవివాళ్ళు నిజం ఎవరితో చెబుతారో తెలుసా? వేళాకోళం వరస ఉన్నవాళ్ళతో" అంది. వైసాకే ఊరివాళ్ళూ నైరుకు వాళ్ళూ పూర్వం ఒకే దేవుణ్ణి కొలిచారట. అలాంటి రెండు ఊళ్ళవాళ్ళు ఎదురుపడితే తిట్టుకోవాలి. మనవైపు బావలూ బావమరుదులూ ఆడుకోరూ, అంతకు నాలుగింతలు. తిట్టకపోతే తప్పు, తిట్టినందుకు కోపమొస్తే ఇంకా తప్పు. "సంఘం ముందు వైసాకే చేత ఫోను చేయిద్దాం" అంది. రాతుగారికి వేళాకోళమంటే ఇష్టం, ఒప్పుకున్నారు.

అదే చర్చి పెద్ద. అదే స్పీకరు, రాతుగారు వింటున్నారని మాత్రం చెప్పలేదు. వైసాకే మొదలుపెట్టాడు: "ఏరా ముసలి కొబ్బరిపీతా! ఇంకా బతికే ఉన్నావా?"

అవతల పెద్దాయన గొంతుకు ముప్ఫై ఏళ్ళు తగ్గాయి. "ఎవడ్రా అది? ఓహో, నువ్వా దొంగ బావా! మీ ఊళ్ళో తిండి దొరక్క ఫోను నాకుతున్నావా?"

"నీకు తెలిసిన తిండి గబ్బిలాలే కదా! సరే గానీ, మొన్న సువావాళ్ళు పంపిన ఆట చూశావట?"

"చూశానా? ఒరేయ్, అది బొమ్మా, మీ తాత పళ్ళా? ఒకటుంటే మూడుండవు! బంతి గాల్లోకి లేచిందిరా, మేం భోజనం చేసొచ్చాం, అది ఇంకా గాల్లోనే ఉంది! మా వీధిలో కోడి గుడ్డు పెట్టింది, అప్పటికీ కిందపడలా!"

"మరి దావుయి వాళ్ళతో చాలా బాగుందన్నావట?"

"రాతుగారు వింటుంటే ఏమనమంటావురా సిగ్గులేనోడా? నీలాగా పుట్టానా?"

గది గదంతా పడి పడి నవ్వింది. రాతుగారు కళ్ళు ఒత్తుకున్నారు, పొట్ట పట్టుకున్నారు, కోడి గుడ్డు దగ్గర ఆయనకు పొలమారితే నేను నీళ్ళిచ్చాను. ఇంత బాగా నవ్వి ఏళ్ళయిందన్నారు. కెలెరా ఆశగా చూస్తోంది. సెతారెకి కలం తీసి సమావేశం పుస్తకంలో రాశాడు: "టీ విరామంలో వినోద కార్యక్రమం జరిగింది. సభ్యులు ఆనందించారు."

"అది వినోదం కాదండీ, సాక్ష్యం!" అంది కెలెరా.

"వేళాకోళంలో అన్నమాటను పట్టించుకోకూడదమ్మా, అది మన ఆచారం" అన్నారు రాతుగారు ప్రేమగా. "ఆచారాన్ని నువ్వే తప్పితే ఎలా?"

మర్నాడు సంతకాలు అయ్యాయి.

పోటీ రోజు వచ్చింది. శనివారం మధ్యాహ్నం. పోటీ జరిగే హాలు మా ఆఫీసుకు ఎదురుగా, రోడ్డు దాటితే చాలు. నైరుకు బృందం వరసలో ఆరోది. తెల్లచొక్కాలు, మెడలో పూలదండలు, ముందు ఇలైతియా. ఆఫీసులో సంఘమంతా ఆకుపచ్చ దీపాల ముందు చాపలేసుకుని యంగోనా గిన్నె చుట్టూ కూర్చుంది. దీపాలన్నీ పచ్చి మామిడాకుల్లా ఉన్నాయి. కెలెరా ఫోను చెవిన పెట్టుకుంది, అవతల వాళ్ళమ్మ చర్చిలో మొదటి కుర్చీలో ఉంది.

"అమ్మా, కనపడుతోందా?"

"కనపడుతోందమ్మా. చాలా బాగుంది."

"నాన్న ఏం చేస్తున్నాడు?"

"నోరు తెరిచాడు."

"తర్వాత?"

"తెరిచే ఉన్నాడు. బాగా తెరిచాడు."

"పాట వినపడుతోందా అమ్మా?"

ఉనైసీ తడబడింది. "పాట... మీ నాన్న ఊపిరి తీసుకుంటున్నాడేమో తల్లీ. తీసుకోనీ. పెద్దవాడయ్యాడు కదా."

అప్పుడు చూడాలి ఆ పిల్లను. చెవి దగ్గరి ఫోను అలాగే పట్టుకుని పరిగెత్తింది. మెట్లు, వాన, రోడ్డు. ఒక బస్సు కీచుమని ఆగింది. హాలు తలుపు దగ్గర అడ్డంపడ్డవాణ్ణి తోసుకుని, వేదిక పక్కన నేలమీద మోకాళ్ళమీద కూర్చుని, ఫోనున్న చేతిని తండ్రివైపు ఎత్తింది. ఉత్త ఫోను మాట, బొమ్మా లేదు, ఏమీ లేదు. అవతల ఉనైసీ తన ఫోనును పక్కనున్న చర్చి మైకుకు ఆనించింది. పాట అప్పుడే రెండో చరణంలోకి వచ్చింది. అక్కణ్ణుంచి చివరిదాకా కెలెరా చెయ్యి దించలేదు. నొప్పి పుడితే రెండో చేత్తో మోచెయ్యి పట్టుకుంది. ఇలైతియా కూతుర్ని చూశాడు, ఏమిటో తెలియలేదు గానీ, ఆ ఫోనువైపు తిరిగి పాడించాడు. ఆయన వీపు అవతలి పక్కన కూర్చున్న న్యాయనిర్ణేతలవైపు ఉన్నందుకు నైరుకుకు నాలుగో స్థానమే వచ్చింది.

సోమవారం ఉదయం సెతారెకి చర్చి పెద్దకు ఫోను చేశాడు. రాతుగారు వింటున్నారని ముందే చెప్పాడు.

"బొమ్మ ఎలా ఉందండీ?"

"వినాకా! చాలా నిలకడగా ఉందండీ. అసలు కదల్లేదు."

"శబ్దం?"

"ఆహా! ఇలైతియా మా పక్కన నిలబడి పాడినట్టే ఉంది. ఏడవనివాళ్ళు లేరు."

"ఏమైనా లోపాలు?"

"లోపమా? అంత దూరం నుంచి పంపారు, మేం లోపాలు వెతుకుతామా?"

చిత్ర స్థిరత్వం నూటికి నూరు, శబ్ద స్పష్టత నూటికి నూరు, ప్రేక్షకుల భావోద్వేగం నూటికి నూటపది అని పట్టిక తయారైంది. దానికి దళసరి అట్ట వేశారు. అది చూసి ముచ్చటపడి రీఫ్‌లైన్ కాంట్రాక్టును ఇంకో ఐదేళ్ళు పొడిగించారు. ఆ శబ్ద పరిజ్ఞానం తమదేనని గ్రాంట్ దొర సిడ్నీలో ఒక సభలో చెప్పి బహుమతి కూడా తీసుకున్నాడట. కెలెరాకు ఒక మెమో ఇచ్చారు: పనివేళల్లో సొంత ఫోను వాడి, సంస్థ సేవల నాణ్యతకు భంగం కలిగించే ప్రయత్నం చేసినందుకు సంజాయిషీ ఇవ్వవలెను.

సంజాయిషీ రాయకుండా సెలవు పెట్టి, ఆ పిల్ల తండ్రితో కలిసి పడవెక్కింది. అక్కడ జరిగింది తిరిగొచ్చాక టీ గిన్నె దగ్గర నాకు చెప్పింది. ఇంటికెళ్ళి, తల్లి మోకాలికి కొబ్బరినూనె రాస్తూ అడిగిందట: "అమ్మా, ఇక్కడ రాతుగారు లేరు, స్పీకరు లేదు. నిజం చెప్పు."

"ఆగిపోయిందే" అంది ఉనైసీ. "మొదట్లోనే ఆగిపోయింది. నాలుగు ఊళ్ళవాళ్ళం మీ నాన్న నోట్లోకే చూస్తూ కూర్చున్నాం. వెనక పన్ను ఒకటి పుచ్చిందని అప్పుడే కనిపెట్టాను. నీ ఫోను లేకపోతే ఆ పన్నే మాకు మిగిలేది."

"మరి అంతమందీ బాగుందన్నారెందుకమ్మా?"

"నువ్వు అక్కడ పనిచేస్తున్నావు కదే పిచ్చిదానా! మా పిల్ల పంపింది బాగాలేదని మేమే అంటామా? చర్చి పెద్ద ఇల్లిల్లూ తిరిగి మరీ చెప్పొచ్చాడు, సువా నుంచి ఫోనొస్తే కెలెరా మొహం చూసి బాగుందనండీ అని."

కెలెరా నూనె గిన్నె కింద పెట్టిందట. "మీరు బాగుందన్నందుకే ఇంకో ఐదేళ్ళు వాళ్ళనే పెట్టారమ్మా."

"ఐదేళ్ళే!" ఉనైసీ గుండెమీద చెయ్యి వేసుకుంది. తర్వాత అడిగింది: "పోనీ, ఇంకోసారి ఫోను చేస్తే ఏమనాలి?"

"బాగాలేదనాలి."

"అట్లా ఎలా అంటామే, పాపం!"

నవ్వుతున్నారా? నవ్వండి. మొన్న మీ బ్యాంకువాళ్ళు ఫోను చేసి, మా సేవ ఎలా ఉంది, ఒకటి నుంచి ఐదులోపు ఒక అంకె నొక్కండి అంటే, గంటన్నర వరసలో నిలబడి వచ్చిన మీరు ఏం నొక్కారు? ఆ అడిగిన పిల్ల ఉద్యోగం ఏమైపోతుందోనని ఐదు నొక్కారు. నేనూ ఐదే నొక్కాను. నైరుకు మన ఇళ్ళకు మరీ అంత దూరమేం కాదు.

ఇది మనసులో ఉంచుకోండి నాయనా, ఉంచుకోండి తల్లీ. ఇంకో నలుగురికి చెప్పండి. అంతా విని వాళ్ళు చాలా బాగుందంటే మాత్రం సంతోషపడి లేచి వచ్చెయ్యకండి. పక్కన కూర్చుని, భుజంమీద చెయ్యి వేసి, ఎక్కడ ఆగిపోయిందో చెప్పమని ఇంకోసారి అడగండి.